గైరుహాజరైన గులాబీ

ఆ రోజుల్లో నా మాటకు జవాబివ్వాలని ఎవరికీ అనిపించేది కాదు. ఈ రోజుల్లోనూ అంతే. బీదర్‌లో చలికాలం వచ్చినప్పుడల్లా పెట్టే పూల ప్రదర్శన పెద్దలకు నేను రాసిన అర్జీలు తెలుగులో కొన్ని, కన్నడంలో కొన్ని, ఇంగ్లీషులో ఒకటి ఉన్నాయి (ఆ ఒక్కటీ మా మేనకోడలు రాసిపెట్టింది, అందుకే అందులో మర్యాద కాస్త ఎక్కువైంది). ఒక్కదానికైనా జవాబు రాలేదు. నేను మర్చిపోయే మనిషిని కాను. సంతపూర్ పెళ్ళిలో వడ్డించేవాడు నా విస్తరి దాటేసి అవతలివాడికి లడ్డూ వేసిన సంగతి నాకు ఇప్పటికీ గుర్తే, ఆ వడ్డించినవాడి చొక్కా రంగుతో సహా. మొన్న అదే మేనకోడలు ఫోన్ చేసి, "మామా, గా పువ్వుల షోకు పోవచ్చునా? చూడనీకె ఏమన్న ఉంటదా?" అని అడిగింది. ఒక్క మాటలో చెప్పగలిగే సంగతి కాదది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది బగ్దల్. పొద్దున బస్సెక్కి బీదర్ వచ్చి, ఒక విత్తనాల దుకాణంలో పనిచేసి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళేవాణ్ణి. మా దుకాణం సేటు హైబ్రిడ్ గులాబీల భక్తుడు. క్యాలీఫ్లవర్ అంత పువ్వు పూసే మొక్కలు తెప్పించి అమ్మేవాడు. ఒకరోజు గిరాకీల ముందే నేను, వాటికి వాసన లేదనీ, మా ఇంటి దేశీ గులాబీ ముందు అవి కాగితం పూలేననీ అన్నాను. సేటు నవ్వాడు. గిరాకీలూ నవ్వారు. "అయితే నీ గులాబి తెచ్చి షోల పెట్టు. తెలిసినోళ్ళు చూసి చెప్తరు గద," అన్నాడు. ఆ నవ్వు నా చెవిలో ఎంతగా నిలిచిపోయిందంటే, ఆ సాయంత్రం బస్సులో నా స్టాపు దాటిపోయిన సంగతి కూడా తెలియలేదు. తెలిసినవాళ్ళెవరైనా ఒక్కరు నా పువ్వును చూసి 'బాగుంది' అనాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదనిపించింది.

ఆ గులాబీ మా పెద్దమ్మది. నన్ను పెంచింది ఆమే. వెనకవైపు పాత నూనె డబ్బాలో పెరుగుతున్న మొక్కను నేను మట్టికుండీలోకి మార్చి, ఎర్రమట్టిలో మేకల ఎరువు కలిపి పోసి, రోజూ మూడుసార్లు దాని ముందు కూర్చునేవాణ్ణి. లేత గులాబీ రంగు, చిన్న పువ్వు. దగ్గరికి వెళ్ళక్కర్లేదు, గాలి అటు నుంచి వీస్తే చాలు, పెరడంతా తీపి వాసన నిండేది. మొగ్గ తొడిగిన రోజు నుంచి ఎవరూ పువ్వు కోయకూడదని ఇంట్లో ఆజ్ఞ వేశాను. పెద్దమ్మ పన్నెండు రోజులు దేవుడికి బంతిపూలతో సరిపెట్టింది. పదమూడో రోజు, "దేవుని కంటె గా జడ్జి పెద్దోడా ఏందిరా?" అని అడిగింది. ఆ వారానికి జడ్జే పెద్దవాడని నేను నిజాయితీగానే చెప్పాను.

ప్రదర్శన రోజు తెల్లవారేసరికి ఐదు పూలు విచ్చాయి, రెండు మొగ్గలు విచ్చబోతున్నాయి. కుండీ ఎత్తుకుని బయలుదేరబోతే పెద్దమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. మా ఇంట్లోంచి కొత్తది ఏది బయటికి వెళ్ళినా, సైకిలు కానీ, మోటారు పంపు కానీ, సంతకు వెళ్ళే కోడెదూడ కానీ, పసుపు కుంకుమ లేకుండా గడప దాటకూడదు. నాకు సిగ్గేసింది. పట్నంలో నవ్వుతారన్నాను. "నవ్వని. దిష్టి తగిల్తె నువ్వు తీస్తవా?" అంటూ ఆమె కుండీ చుట్టూ పసుపు పూసి, ఐదు బొట్లు పెట్టి, మెడకు పసుపు దారం కట్టి, రెండు మామిడాకులు కూడా దోపింది. ఆమె చేతికి ఏమైనా దొరికితే ఆగే రకం కాదు (ఆ గుణం నాకూ వచ్చిందని మా వాళ్ళంటారు, నేను ఒప్పుకోను).

ఆ బస్సు ప్రయాణం నాకు ఇప్పటికీ కలలా గుర్తుంది. కిటికీల బయట మంచు, కందిచేలు ఉన్నాయో లేవో అన్నట్టు ఉన్నాయి. ఒళ్ళో కుండీ. బస్సు కుదిపినప్పుడల్లా పూలు ఊగి ఇంకాస్త వాసన వదిలేవి. మాట్లాడుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే మాటలాపి ముక్కు ఎగబీల్చి, ఆ తర్వాత ఎందుకో మాట్లాడటమే మానేశారు. టికెట్లు కొడుతున్న కండక్టర్ నా దగ్గరికి వచ్చి, అడగవలసింది మర్చిపోయి ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు. పక్క సీటులో ముసలమ్మ మాత్రం, "గన్ని పువ్వులున్నయి, ఒక్కటిస్తె ఏం పోతది బిడ్డా?" అంది. ఇవ్వలేదు. ఆమెకు ఇవ్వనందుకు ఈ నాటికీ కాస్త బాధగానే ఉంటుంది. నేను గుర్తుపెట్టుకునే అవమానాల్లో నేను చేసినవి కూడా కొన్ని ఉన్నాయి.

మైదానంలో పెద్ద షామియానా. పూలతో చేసిన కోట, గుమ్మడికాయ మీద చెక్కిన నెమలి, ఇంకా మడత విప్పని కుర్చీలు. గులాబీల బల్ల మీద నా నంబరు చీటీ ఉన్న చోట కుండీ పెట్టాను. ఇటు పక్కన సేటు పంపిన హైబ్రిడ్, అటు పక్కన దాని అన్నదమ్ములు. వాటి మధ్య నా మొక్క పెద్దల సభకు వచ్చిన చిన్నపిల్లలా ఉంది. న్యాయనిర్ణేతలు వచ్చేవేళ పోటీదారులు తాడుకు అవతల నిలబడాలన్నారు, నిలబడ్డాను.

మా వైపు సభలను ప్రారంభించేటప్పుడు దీపం వెలిగించడంతో పాటు మొక్కకు నీళ్ళు పోయడం ఆనవాయితీ. వేదిక మీద అంతా సిద్ధంగా ఉంది, అతిథులు వచ్చేశారు, నీళ్ళ చెంబు కూడా ఉంది, మొక్క మాత్రం లేదు. చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి మొక్క కోసం షామియానాలోకి పరిగెత్తుకొచ్చాడు. వరసగా ఉన్న అన్ని మొక్కల్లోనూ పసుపు, కుంకుమ, దారం, మామిడాకులతో పూజకు తయారైనట్టు కనిపించింది ఒక్కటే. దాన్ని రెండు చేతులా భక్తిగా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను తాడు అవతల నుంచి పిలిచాను. మైకులో స్వాగతోపన్యాసం మొదలైంది. నా గొంతు నాకే వినిపించలేదు.

ఆరుగురు అతిథులు. ఒక్కొక్కరు ఒక్కో చెంబు. గులాబీకి అంత నీళ్ళు కూడదని తెలిసినవాడు అక్కడ ఒక్కడూ లేడు (ఉన్న ఒక్కణ్ణీ తాడు అవతల నిలబెట్టారు). కుంకుమ కారి కుండీ మీద చారలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే న్యాయనిర్ణేతలు గులాబీల బల్ల వెంట నడిచారు, ఖాళీ చోటు చూశారు, కాగితం మీద ఏదో గీసుకున్నారు. మధ్యాహ్నం అంటించిన జాబితాలో నా నంబరు ఎదురుగా 'గైరుహాజరు' అని ఉంది.

బ్యాడ్జీ పెద్దమనిషిని పట్టుకున్నాను.

"అన్నా, నా చెట్టు గైరుహాజరంటరేంది? స్టేజీ మీద ఉన్నది నా చెట్టే."

"అది పూజ చెట్టు గద తమ్మీ."

"పూజ మా పెద్దమ్మ చేసింది. నేను పోటీకి తెచ్చిన."

ఆయన బ్యాడ్జీ సరిచేసుకున్నాడు. "పూజ చేసినదాన్ని పోటీల ఎట్ల పెడ్తరు? దేవుని దానికి మార్కులేస్తరా ఎవలన్న? పోయి మీ పెద్దమ్మనే అడుగు," అని బహుమతుల బల్ల సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. న్యాయనిర్ణేతల్లో నెరిసిన జుట్టు, నేత చీర ఉన్న పెద్దావిడ ఒకరు వేదిక ఎక్కి, నా కుండీ పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. ఆవిడ ఉన్నట్టుండి తల తిప్పారు. వంగి, ఒక పువ్వును తెంపకుండా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపో నాకు తెలియదు. మైకు, జనం, సేటు, అంతా బస్సు కిటికీ అవతలి చేలలా మసకబారిపోయింది. ఆవిడ కళ్ళు తెరిచి పక్కాయనతో ఏదో అన్నారు. ఆయన తలూపాడు. సరిగ్గా ఆ మాట మీదే ఇంకెవరి కోసమో చప్పట్లు మోగి, నాకది వినపడలేదు. మొదటి బహుమతి సేటు గులాబీకి వచ్చింది.

ఇంటికి వచ్చి చెబితే పెద్దమ్మ శాంతంగా విన్నది. "ఆరుగురు పెద్దమనుషులు నీళ్ళు పోసిండ్రు అంటివి. ఇంకేం గావాలెరా నీకు?" అని, తెల్లారి ఐదు పూలూ కోసి, అన్ని రోజులు ఓపిక పట్టిన దేవుడికి పెట్టేసింది.

కాబట్టి మేనకోడలా, వెళ్ళు. దుమ్ము ఉంటుంది, ఫోటోలు దిగేవాళ్ళు అడ్డం వస్తారు, పూలకోటకు వాసన ఉండదు. అయినా పొద్దున్నే, నీళ్ళు చల్లిన వెంటనే వెళితే, ఒక మూల ఎవరో తెచ్చిన చిన్న మొక్క ఉంటుంది. ఎవరూ చూడరు, నువ్వు చూడు. వంగి వాసన చూడు. తాడు అవతల ఎవడైనా చొక్కా నిండా ఎర్రమట్టితో నిలబడి ఉంటే, బాగుందని వాడికి వినపడేలా చెప్పు. అలాంటి ఒకణ్ణి తలుచుకుంటే నాకు ఇప్పుడు నవ్వే వస్తుంది. వాడికి నోరు పెద్దది, ఓపిక చిన్నది, బస్సులో ముసలమ్మకు ఒక్క పువ్వు ఇవ్వలేకపోయాడు. బహుమతి సంగతి వాడి తరఫున నేను ఎప్పుడో వదిలేశాను.

ఒక్కటి మాత్రం వదలను, నా అర్జీలన్నిటిలోనూ అడిగింది అదే. నేత చీర కట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్న అమ్మా, మీరు ఎక్కడున్నా సరే, ఆ రోజు పక్కాయనతో ఏమన్నారు? బాగుందన్నారా? మామూలే అన్నారా? ఎండ ఎక్కువగా ఉందన్నారా? అదైనా ఫరవాలేదు. నాకు జవాబు చెప్పండి.