ఎడమవైపు వెనక రేకు

మా అబ్బాయి పోయాక వాడి గదిని మా ఆవిడ సర్దింది. గరాజ్ నా వంతుకొచ్చింది. అందులో వాడి కారు ఉంది. డెబ్బైలలో, మేం వలసొచ్చిన ఈ దేశంలోనే తయారైన రెండు తలుపుల బండి. పొడుగాటి బానెట్, ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఇక్కడివాళ్లు మజిల్ కార్ అంటారు. వాడు బతికుండగా నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నేను టూవూంబాలో యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. కారంటే నాకు పనికీ కూరగాయలకీ వెళ్లొచ్చే వస్తువు.

తుప్పుపట్టిన డొల్లగా కొన్న ఆ బండిని వాడు కొన్నేళ్లపాటు కూర్చుకుంటూ వచ్చాడు. తలుపులు, బానెట్, ముందు మడ్‌గార్డులు అన్నీ అసలువే సంపాదించాడు. అసలువంటే ఆ రోజుల్లో ఆ ఫ్యాక్టరీ అచ్చుల్లోంచి వచ్చినవి. మిగిలింది ఒక్కటే. ఎడమవైపు, తలుపు చివర నుంచి వెనక చక్రం మీదుగా డిక్కీ లైటు దాకా వచ్చే పెద్ద రేకు. తుప్పు తినేసిన పాతదాన్ని కోసి తీసేశాడు. కొత్తది దొరికేలోపల జబ్బు బయటపడింది.

ఈ రేకులకి నకళ్లు చేసి అమ్ముతారు. ఫోను చేస్తే ఇంటికే పంపిస్తారు. ఆసుపత్రిలో ఒకరోజు వాడినే అడిగాను.

"నకలు వేయించేద్దాం రా. రంగేశాక ఎవరికి తెలుస్తుంది?"

"ఐ విల్ నో," అన్నాడు. నేను నొచ్చుకున్నాననుకున్నాడో ఏమో, మళ్లీ తెలుగులో అన్నాడు. "నాకు తెలుస్తుంది నాన్నా. అదేస్తే బండి వేషం వేసినట్టుంటుంది."

వాడు పోయాక ఇంటికొచ్చినవాళ్లు ఆత్మ గురించీ కర్మ గురించీ మాట్లాడారు. కొందరు పద్యాలు చదివారు. నేను జీవితమంతా పుస్తకాల మధ్య ఉన్నవాణ్ని. ఆ మాటలు నన్ను తాకలేదు. చదివినవి కూడా ఏవీ అక్కరకు రాలేదు. రేకు వెతకడం మొదలుపెట్టాను. అది ఎక్కడో ఉంటుంది, లేదా ఉండదు. అంతవరకు అర్థమైంది. అది దొరికితే వాడు వదిలిపెట్టిన పని పూర్తవుతుంది.

వెతకడం నేర్చుకోవాల్సి వచ్చింది. అమ్మేవాళ్లందరూ ఒరిజినల్ అనే అంటారు. ఫోటోలో అన్నీ ఒకేలా ఉంటాయి. అసలుదానికి నడుం ఎత్తున పొడుగునా సాగే మడత ఒకటి ఉంటుంది. కాగితం మడిచినట్టు పదునుగా ఉంటుంది. నకళ్లలో అది కాస్త మెత్తబడిపోతుంది. రేకు కూడా పల్చన. జేబులో అయస్కాంతం పెట్టుకుని తిరిగాను. ఎక్కడ అంటుకోకపోతే అక్కడ ఇనుము లేదు, లప్పం పూసి కప్పెట్టారన్నమాట. వార్విక్ వైపు ఒకాయన ఎంతో మెచ్చుకుంటూ చూపించిన రేకు సగం లప్పమే. మొహమాటపడి ఆయన పోసిచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఇలాంటి పనులన్నీ ఇక్కడ శనివారాలే జరుగుతాయి. నాకు చిక్కు అక్కడే.

మా ఇళ్లలో శనివారం ఇనుము కొనరు, ఇంటికి తీసుకురారు. మా ఆవిడ మేకుల పొట్లం కూడా తేనిచ్చేది కాదు. అబ్బాయి ఆ బండి డొల్లని ట్రక్కు మీద తెచ్చింది శనివారమే. ఆవిడ వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"ఇవాళ లోపలికి రావడానికి వీల్లేదు. రేపటిదాకా రోడ్డు పక్కన ఉంచు."

"మమ్, కౌన్సిల్ వాళ్లు ఫైన్ వేస్తారు."

"వేయనీ. శనికన్నా కౌన్సిలే నయం."

ట్రక్కు డ్రైవరు ఇంజను ఆపకుండా మమ్మల్ని వింతగా చూస్తున్నాడు. అబ్బాయి వెనకనుంచి వాళ్లమ్మని రెండు చేతులా ఎత్తి పక్కన నిలబెట్టి బండిని లోపలికి తోయించాడు. ఆవిడ తిడుతూనే పోయి నిమ్మకాయ తెచ్చి చక్రం కింద పెట్టింది. అందరం నవ్వాం.

వాడు పోయాక ఆవిడ ఆ శనివారం మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను భయపెట్టింది. మనసులో ఆ ఇనుమునీ వాడు పోవడాన్నీ కలుపుకుంటోందేమో అనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా ఆవిడ కోసం, శనివారం ఒక్క ఇనుప ముక్కయినా గడప దాటించకూడదనుకున్నాను. కొనడం గానీ బయానా ఇవ్వడం గానీ కూడా వద్దనుకున్నాను. శనివారం చూసి రావడం, ఆదివారం వెళ్లి తెచ్చుకోవడం.

డాల్బీ ఊరు దాటాక ఒక పొలంలో ముసలాయన దగ్గర రేకు ఉందని ఫోనొచ్చింది. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి పోతున్నాడట. పక్కింటివాళ్ల యూట్, అంటే వెనక తొట్టి ఉన్న బండి, రెండు రోజులకని అడిగి తీసుకుని శనివారం వెళ్లాను. నల్లరేగడి నేల, కోసేసిన జొన్న మోళ్లు, అక్కడక్కడా ధాన్యం గోదాములు. షెడ్డులో పైన దూలాలకి వేలాడదీసి ఉంది రేకు, గోనెసంచుల్లో చుట్టి. ఇద్దరం కిందికి దించాం.

విప్పగానే తెలిసింది. ఫ్యాక్టరీ వాళ్లు పూసిన పలచటి నల్ల పూత అలాగే ఉంది. మడత మీద వేలు పెడితే అంచు తగిలింది. అయస్కాంతం ఎక్కడ పెట్టినా అతుక్కుంది.

"నువ్వు డాక్టరువా?" అన్నాడు ముసలాయన. "ఈ చుట్టుపక్కల మీవాళ్లంతా డాక్టర్లేగా."

"కాదు. లైబ్రరీలో పని."

"అయ్యో. నా మోకాలు చూపిద్దామనుకున్నాను." నవ్వి, రేకు ఒక చివర పట్టుకున్నాడు. "పట్టు, ఎక్కించేద్దాం."

"రేపు పొద్దున వచ్చి తీసుకెళ్తాను."

"రేపెందుకు? యూట్ ఇక్కడే ఉందిగా. అలంకారానికి తెచ్చావా?"

"తాడు తేలేదు."

"తాడా? ఈ షెడ్డులో ఊరిని కట్టేసేంత తాడుంది."

ఏం చెప్పాలి? ఇవాళ శనివారం అని చెప్పాలి. చెబితే ఆయన ఎందుకని అడుగుతాడు. అక్కడినుంచి అబ్బాయి దాకా వెళ్లాలి.

"ఇంట్లో ఒక మాట చెప్పాలి," అన్నాను.

"ఓ, బాస్‌ని అడగాలా." తల ఊపాడు. "నాకూ ఉండేది ఒక బాస్. సరే, రేపు రా మేట్."

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాను. నన్ను చూడగానే ముసలాయన మొహం మారింది.

"నిన్న సాయంత్రం గోల్డ్ కోస్ట్ నుంచి ఒకడు ట్రైలరు తగిలించుకుని వచ్చాడు. ఇంకొకాయన వస్తానన్నాడని చెప్పాను. వస్తాడా అన్నాడు. ఏం చెప్పను? రేపు వస్తామన్నవాళ్లు సగంమంది రారు. నువ్వు ఏమీ ఇచ్చి వెళ్లలేదు కూడా."

ఆయన తప్పేం లేదు. పట్టుకెళ్లినవాడి నంబరు ఇచ్చాడు. కంచె పక్కన నిలబడి ఫోను చేశాను. అతను మర్యాదగానే మాట్లాడాడు. చాలా ఏళ్లుగా వెతుకుతున్నాననీ, అమ్మననీ, సారీ అనీ అన్నాడు. అబ్బాయి సంగతి చెబుదామనుకున్నాను. అది చెప్పి రేకు అడగడం బాగుండదనిపించి ఫోను పెట్టేశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో ఉంది. ఖాళీ యూట్ కిటికీలోంచి చూసింది.

"ఏదండీ?"

జరిగింది చెప్పాను.

"నిన్ననే ఎందుకు తేలేదు?"

"శనివారం కదా."

స్టవ్ ఆపేసింది.

"నేనేమన్నా అన్నానా మీతో?"

"అనలేదు."

"మరి?"

యూట్ తాళాలు బల్ల మీద పెట్టాను. ఆవిడే అంది. "ఆ శనివారానికీ వాడికీ ముడిపెట్టుకుని నేను కూర్చున్నాననుకున్నారా ఇన్నాళ్లూ? నేను డాక్టర్ల మాట విన్నాను. స్కాన్లు చూశాను. వాడు ఎలా పోయాడో నాకు తెలుసు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంక మనకి జరగడానికేం మిగిలిందని శనివారాలు చూస్తారండీ?"

ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

ఆ తర్వాత చాలా నెలలు వెతికాను. కొన్నిసార్లు ఆవిడ కూడా వచ్చింది. దొరకలేదు. చివరికి నకలు తెప్పిద్దామని ఆవిడే అంది. అబ్బాయికి తెలిసిన బాడీ షాపతను దాన్ని అతికించి మమ్మల్ని పిలిచాడు. తలుపు మీది మడతా రేకు మీది మడతా కలవలేదు. చిటికెన వేలంత ఎడం.

"లప్పంతో సరిచేస్తాను. రంగేశాక కనిపించదు," అన్నాడు.

వద్దన్నాను. ఉన్నది ఉన్నట్టు రంగు వేయమన్నాను. అతను మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కూడా వద్దంది.

బండి ఇంటికొచ్చిన రోజు ఆవిడ ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి ఆ మడత వెంబడి చెయ్యి ఆనించుకుంటూ వెనక్కి నడిచింది. తలుపు అయిపోయిన చోట చెయ్యి ఆగింది.

"ఇక్కడే కదా," అంది.

"ఇక్కడే," అన్నాను.