డబ్బా వజన్

మా కామారెడ్డిలో సౌండు సామాను కొనేవాడు ముందు వినడు, ఎత్తి చూస్తాడు. స్పీకరైనా ఆంప్లిఫయరైనా రెండు చేతులతో పట్టి మోకాలి దాకా లేపి, నడుం కాస్త పట్టేసినట్టయితే తృప్తిగా దించుతాడు. వజన్ ఉన్నది అంటాడు. వజన్ అంటే బరువే, కానీ మా దగ్గర ఆ మాటకు అంతటితో సరిపోదు. మాటకు వజన్ ఉండాలి, మనిషికి వజన్ ఉండాలి, పెళ్లికొచ్చిన చుట్టానికి వజన్ ఉండాలి. అల్కటిది అంటే తేలికైనదని మాత్రమే కాదు, పరువు తక్కువదని కూడా. అలాంటి చోట నేను ఊరూరా తిరిగి అల్కటి ఆంప్లిఫయర్ ఉందా, పాతదైనా పర్వాలేదు అని అడిగాను. నన్ను పిచ్చోణ్ని చూసినట్టు చూశారంటే తప్పు వాళ్లది కాదు.

ఎందుకు కావలసి వచ్చిందో చెప్తాను. మస్కట్‌లో ఒక హోటల్లో చాలా ఏళ్లు బల్లలు తుడిచాను. సాయంత్రాలు అక్కడ ఒక గోవా ముసలాయన జాజ్ గిటార్ వాయించేవాడు. పని అయ్యాక నాకు నేర్పాడు. ప్రేమతో నేర్పాడని అనుకోకండి. వేలు తప్పు తీగ మీద పడితే చెంచాతో దాని మీదే కొట్టేవాడు. మామూలు పాటలకు మూడు వేళ్లు చాలు, జాజ్ అంతా చిటికెన వేలి కింద ఉంటుంది, అది లేకపోతే నువ్వు వెళ్లి గిన్నెలు కడుక్కో అనేవాడు. నాలుగు స్వరాలు ఒకేసారి మోగి, ఒకదాన్నొకటి కాస్త ఒరుసుకుని, చివరికి కలిసిపోతాయే, ఆ ఒరిపిడిలోనే ఆ సంగీతం ప్రాణమంతా ఉంది. అది చిటికెన వేలు చేసే పని.

మావాళ్లు గల్ఫ్ నుంచి బంగారం తెచ్చారు, నేను గిటార్ తెచ్చాను. ఇంట్లో దాన్ని చూసి ఎవరూ ఏడవలేదు. ఏడుపు చాలనంత కోపం వచ్చింది వాళ్లకు. రైసుమిల్లులో గుమాస్తాగా చేరాను. శనివారాలు మాత్రం హైదరాబాదుకు పోయి ఒక కాఫీ హోటల్లో, కీబోర్డు వాయించే ఒకాయన పక్కన కూర్చుని వాయించేవాణ్ని. వారమంతా మిల్లులో ఊకదుమ్ము పీల్చి బతికింది ఆ రెండు గంటల కోసమే. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు.

మా అన్నకు కామారెడ్డిలో టెంటు హౌసు, సౌండు సర్వీసు ఉన్నాయి. గణపతుల ఊరేగింపులో మా అన్న బాక్సులు మోగితే పక్క వీధిలో ఇండ్ల కిటికీలు గడగడలాడతాయి. అదే గొప్ప. నేను వచ్చిన కొత్తలో నా గిటార్‌కు ఒక ఆంప్లిఫయర్ ఇచ్చాడు. హైదరాబాదులో మూతపడిన దుకాణం సామాను గంపగుత్తగా కొన్నప్పుడు వచ్చిందట. తన బాక్సులన్నిటికీ తొడిగించినట్టే దానికీ నల్ల రెక్సిన్ తొడిగించి, మీద తెల్లరంగుతో దుకాణం పేరు రాయించాడు. అది ఏ కంపెనీదో నాకు తెలిసే దారి లేదు. వెనక మూత ఇప్పొద్దని, కరెంటు కొడుతుందని, ఏమైనా అయితే తన దగ్గరికే తేవాలని చెప్పాడు. ధ్వని మాత్రం నిజంగా బాగుండేది. జాజ్‌కు కావలసింది సాఫ్‌గా ఉండే ధ్వని. బొంగురు ఉండకూడదు, చీల్చకూడదు, గోరువెచ్చటి నీళ్లలా మెత్తగా రావాలి. అలాగే వచ్చేది.

కానీ ఏం బరువది! బియ్యం బస్తా మోసినట్టే. ప్రతి శనివారం దాన్ని ఎడమ భుజాన వేసుకుని బస్సెక్కేవాణ్ని. కండక్టర్లు తిట్టేవారు, కాలి మీద పెట్టానని ముసలమ్మలు శాపనార్థాలు పెట్టేవారు. కొన్నాళ్లకు మెడలో పోటు మొదలై ఎడమ చేతిలోకి పాకి, చివరి రెండు వేళ్లలో చీమలు పారినట్టు ఉండేది. కామారెడ్డిలో డాక్టరు మెడ ఫొటో తీయించి చూసి, తల పైకెత్తకుండానే చెప్పాడు. నరం నలుగుతోంది, ఇక బరువెత్తితే ఆ రెండు వేళ్లు పోతాయి. గిటార్ వాయిస్తానని చెప్పాను. అయితే ఏ చేత్తో అన్నం తింటావు అని అడిగాడు. కుడి అన్నాను. అయితే ఇబ్బంది లేదు అన్నాడు.

మా ఆవిడకు చెప్తే ఆమె కందిపప్పు ఏరుతూ ఒకే మాట అంది.

“పెండ్లాన్ని ఏనాడు గింత పైలంగ పట్టుకోలే గదా. ఆ డబ్బనే మెడకు కట్టుకుంటివి, ఇప్పుడు మెడనే ఇరగవట్టింది.”

నాకు మండిపోయింది. కాని అందులో అబద్ధం లేదు కనుక కంచం ముందు నుంచి లేచిపోవడం తప్ప చేసిందేమీ లేదు.

తేలికపాటి కొత్త ఆంప్లిఫయర్లు లేవా అంటే ఉన్నాయి. ఫోన్‌లో వాటి ధర చూసి ఫోన్ బోర్లా పెట్టేవాణ్ని. కనుక పాతదాని కోసం వెతకాలి. తాడ్వాయిలో ఒకడు చాలా అల్కగా ఉంది రమ్మన్నాడు. పోయి చూస్తే నిజంగానే అల్కగా ఉంది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ను రాగికోసం ఎవరో ఎప్పుడో అమ్ముకున్నారు. మోగదు కదా అంటే, నువ్వు అడిగింది అల్కటిది, మోగేది అని చెప్పలేదు కదా అన్నాడు. మహమ్మద్‌నగర్‌లో ఒక భజన మండలి వాళ్లది చూశాను. గిటార్ పెడితే దాంట్లోంచి మేక గొంతు వచ్చింది. అక్కడి పెద్దమనిషి నా వాయింపు కాసేపు విని, నొప్పి ఎక్కడ అని అడిగాడు. మెడ అని చెప్పబోయాను, పక్కవాళ్లు నవ్వాక గానీ అర్థం కాలేదు.

మా అన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి, మా తమ్ముడు దోమల సంగీతం వాయిస్తడు, దోమకు తగ్గ డబ్బా దేవులాడుతున్నడు అనేవాడు. తన డబ్బాను నేను వద్దనుకోవడం అతనికి గుచ్చుకుంది. సాయం చెయ్యమని అడిగితే, అల్కటి సామాను నా దుకాణంల ఉండదు తమ్మీ అని బీడీ వెలిగించుకున్నాడు.

ఈలోగా రెండు శనివారాలు పోలేకపోయాను. కీబోర్డాయన ఫోన్ చేసి, మర్యాదగానే, వచ్చే శనివారం డబ్బాతో రాకపోతే ఇంకొకతన్ని పెట్టుకుంటానని చెప్పాడు. అతను నాకంటే బాగా వాయిస్తాడా అని అడిగాను. లేదు కానీ అతనికి కారుంది అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక రైతు, బాగా భూమి ఉన్నవాడు. కూతురు హాస్టల్లో నాలుగు రోజుల ముచ్చటగా గిటార్ నేర్చుకుని వదిలేసిందట. దాని ఆంప్లిఫయర్ అటక మీద పడి ఉంది. ఫొటో పంపాడు. చూడగానే గుర్తుపట్టాను, చిన్నది, చేతిసంచిలా పట్టుకుపోయే రకం, జాజ్‌కు సరిగ్గా సరిపోయేది. డబ్బు వద్దు, బదులుగా నా డబ్బా ఇవ్వమన్నాడు. ఇంట్లో ఫంక్షన్లకు మైకు పెట్టుకోవడానికి పెద్దది కావాలట. నా డబ్బా పెద్దదే, బరువైనదే. ఆ క్షణం నా అంత అదృష్టవంతుడు జిల్లాలో లేడనుకున్నాను.

చివరిసారి మోస్తున్నాను, ఇదొక్కసారే అని మనసుకు చెప్పుకుని డబ్బాను బస్సెక్కించాను. డాక్టరు మాట గుర్తులేక కాదు. ఎత్తకుండా మార్చుకునే ఉపాయం ఏదైనా ఉంటే ఎవరైనా చెప్పండి. ఎల్లారెడ్డి బస్టాండులో దిగుతుంటే వెనక నుంచి ఎవరో తోశారు. డబ్బా మెట్టుకు కొట్టుకుంది, దాన్ని ఆపబోయి ఎడమ చేత్తో పట్టాను. మెడలోంచి చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు సర్రున పోయింది. ఆ తర్వాత అక్కడ ఏమీ లేదు. చీమలు కూడా లేవు. చలికి మొద్దుబారిందిలే అనుకున్నాను. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడిపోతోంది.

రైతు ఇంట్లో ఆంప్లిఫయర్ చూశాను. ముద్దొచ్చింది. ఆయన నా డబ్బాను రెండు చేతులతో లేపి చూసి, మాల్ ఉన్నది దీంట్ల అని మెచ్చుకున్నాడు. కాని దించేటప్పుడు లోపల ఏదో దొర్లి లొడలొడమంది. బస్సు మెట్టు దెబ్బకు ఏదో ఊడి ఉంటుందన్నాను. అప్పుడు ఆయన ముఖం మారింది. ఇంత మంచిదాన్ని అంత అల్కటిదానికి ఎందుకిస్తున్నావు అని అడిగాడు. మెడ గురించి చెప్పాను. నమ్మలేదు. ట్రాక్టరు పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి వెనక మూత ఇప్పాడు. వాకిట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు వంగి చూశారు.

లోపల చారెడు యంత్రం, పక్కన ఒక స్పీకరు. మిగతా జాగాలో ఒక షాబాదు బండ ముక్క, ఇంటి గచ్చుకు వేసేదే, ఇనుప పట్టీతో అడుక్కి బిగించి ఉంది. పట్టీకి ఒక వైపు మర ఊడింది. శబ్దం రాకుండా బండకు గుడ్డ చుట్టారు. ఎరుపు పసుపు చారల గుడ్డ. మా అన్న టెంటు గుడ్డ. పెళ్లిళ్లలో దాని కిందే కూర్చుని తిన్నవాణ్ని, నాకు తెలియదా.

రైతు బండను బయటకు లాగి నా కాళ్ల ముందు వేశాడు.

“తూకంల మోసం జూసినం, ఎరువుల మోసం జూసినం. పాట డబ్బల బండ వెట్టి అమ్మెటోన్ని గిప్పుడే జూస్తున్న. మెడ నొస్తున్నదని కత వడుతున్నవా?”

నాకు తెలియదని చెప్పాను. ఇన్నాళ్లు మోసిన డబ్బాలో బండ ఉందని తెలియదా అని అడిగాడు. ఆయన తన ఆంప్లిఫయర్‌ను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంటూ, నీ బండ నా వాకిట్ల ఉంచకు అన్నాడు.

బండను రోడ్డు పక్కన పారేసి రావచ్చు. పారేయలేదు. దాన్ని మా అన్న ముందు పెట్టాలి. అంత కోపంలో మెడ, డాక్టరు, ఏవీ నా కంటికి ఆనలేదు. గుడ్డలో మూటగట్టి ఎడమ చంకన పెట్టుకుని, కుడిచేత్తో డబ్బా పట్టుకుని బస్టాండుకు ఆటో ఎక్కాను. అప్పుడు తెలిసింది, డబ్బా కుడిచేతి రెండు వేళ్లకు వేలాడుతోంది. ఆ రైతు ఇచ్చేదానికంటే అల్కగా ఉంది. నేను తాడ్వాయి దాకా, మహమ్మద్‌నగర్ దాకా తిరిగి వెతికింది దీన్నే. మొదటి రోజు నుంచీ నా ఇంట్లోనే ఉంది.

కామారెడ్డిలో బస్సు దిగి నేరుగా దుకాణానికి పోయి బండను అన్న బల్ల మీద పెట్టాను. అన్న బండను చూశాడు, గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. ఉలిక్కిపడలేదు.

“మరి గట్లనే ఇయ్యాల్నా? ఎత్తితే కోడిపిల్ల లెక్క ఉండె. దాని మీద నా దుకాణం పేరు రాసున్నది. గసొంటి అల్కటి డబ్బ తమ్మునికిచ్చిన్నంటే నలుగుట్ల నా ఇజ్జత్ ఏం గావాలె?”

“నా మెడ వోయిందే అన్నా. వేళ్లు వోయినయ్.”

“మోసుడు అలవాటు లేక గట్లయితది. మా దగ్గర దినాం మోస్తున్నరు, ఎవని వేళ్లు వోయినయ్?”

అని బండను ఓ పక్కకు నెట్టి, టెంటు తాడు కట్టనీకి పనికొస్తుందన్నాడు. కొట్టాలనిపించింది. కొడితే ఏ చేత్తో కొట్టాలో కూడా తెలియలేదు. మాటలతో ఈ మనిషికి అర్థం కాదు, వినిపిస్తే గానీ కాదు అనుకుని, ఇంటికి పోయి గిటార్ తెచ్చి, దుకాణంలోనే ప్లగ్గు పెట్టి, డబ్బా వెనక మూత కూడా లేకుండా, గోవా ముసలాయన నేర్పిన మొదటి స్వరాల గుత్తిని పట్టాను. చిటికెన వేలు తీగ మీదకు పోయింది గానీ నొక్కలేదు. పక్క వేలూ అంతే. కళ్లతో చూస్తూ పెట్టాను, పళ్ల బిగువున నొక్కాను. రెండు తీగలు చచ్చి ఊరుకున్నాయి. మిగిలిన రెండూ మోగాయి. నిండుగా, మెత్తగా, ఒరుసుకునేది ఏదీ లేకుండా. మళ్లీ వాయించాను. మళ్లీ అవే రెండు.

తల ఎత్తి చూస్తే అన్న బీడీ పక్కన పెట్టి వింటున్నాడు. ఎన్నడూ లేనిది చెవి ఇటు వంచి వింటున్నాడు.

“గిదైతే సాఫ్‌గున్నది రా తమ్మీ. ముందుగాల్ల ఏందో గజిబిజి ఉండేది. గిప్పుడు పాట లెక్క ఉన్నది.”

మా అన్న నా వాయింపును మెచ్చుకోవడం అదే మొదటిసారి. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ప్లగ్గు తీశాను. డబ్బాను కుడిచేత్తో ఎత్తుకుని బయటకు నడిచాను. అన్న చెప్పింది నిజమే, కోడిపిల్లంత కూడా లేదు.