మూయని బ్రాకెట్టు

చూపులేని అమ్మాయిలుండే ఆ హాస్టల్లో ఆమెను అందరూ రాతపిన్ని అనేవారు. దర్జీ దుకాణంలో కాజాలు కుట్టడం, హెమ్మింగు చేయడం ఆమె పని. పరీక్షల రోజులొస్తే మాత్రం సెలవు పెట్టి, ఆ పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టేది. దస్తూరి ముత్యాల కోవ. చదివింది పదో తరగతే. రాసిపెట్టే మనిషి పరీక్షకు కూర్చున్న వాళ్లకంటే తక్కువ చదివి ఉండాలని నిబంధన. "నా తక్కువ చదువు పనికొచ్చిన చోటు ఇదొక్కటే" అని తనే నవ్వేది.

నవ్వేది గానీ, పరీక్ష గదిలో అడుగు పెట్టేసరికి చేతులు చల్లబడేవి. తన తప్పు తనతో పోదు, ఇంకొకరి బతుకు మీద పడుతుంది.

ఆ ఏడు పిట్ట అనే అమ్మాయికి డిగ్రీ ఇంగ్లీషు పేపరు రాయాల్సి వచ్చింది. గలగలా మాట్లాడుతుందని ఆ పిల్లకు ఆ పేరు. పరీక్షకు ముందు పిట్టే పిన్నిని వరండాలో కూర్చోబెట్టుకుంది.

"పిన్నీ, ఈసారి డ్యాషుల మీదా బ్రాకెట్ల మీదా ప్రశ్న వస్తుందట. హైఫన్ అంటే చిన్న గీత, రెండు మాటల్ని అతికిస్తుంది. డ్యాష్ అంటే పొడుగు గీత, మాటను ఆపి పక్కకు తిప్పుతుంది. రెండూ ఒకటే అనుకుని గీసెయ్యకు."

"ఎంత పొడుగే?"

"నేనెప్పుడు చూశాను పిన్నీ? నా వేళ్లకు తెలిసింది బ్రెయిలీ చుక్కలే కదా!" అని పిట్ట పకపకా నవ్వింది. పిన్ని నాలుక కరుచుకుంది.

"మరి బ్రాకెట్టో?"

"కబుర్లు చెబుతూ చెబుతూ పక్కావిడ చెవిలో ఓ ముక్క ఊదుతావు చూడు, అది. ఊదడం అయిందని తెలియాలి కదా, అందుకే తెరిచినదాన్ని మూసి తీరాలి. వాక్యం మధ్యలో పెట్టే డ్యాషులూ అంతే, జంటగా రావాలి. చివర్లో అయితే ఒకటి చాలు."

పిన్ని దుకాణంలో ఖాళీ దొరికినప్పుడల్లా పాత కాగితాల మీద గీతలు గీసి చూసుకుంది. సిటీ బస్సు నడిపే భర్త అది చూసి, "రోజంతా రోడ్డు మీద గీతల మధ్యే బతుకుతున్నాను, నాకు లేని గాభరా నీకేమిటి?" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

పరీక్ష రోజు వాళ్లిద్దరికీ విడిగా ఓ గది ఇచ్చారు. కాపలాకు ఒక లెక్చరరమ్మ కూర్చుంది. "ప్రశ్న చదవండి, ఆ అమ్మాయి చెప్పింది రాయండి. తను అడిగితే తప్ప మీ నోట ఇంకో మాట రాకూడదు" అని ముందే చెప్పింది.

సగం పేపరు సాఫీగా సాగింది. తర్వాత, డ్యాషులూ బ్రాకెట్లూ వాడుతూ నచ్చిన మనిషి గురించి రాయమన్న ప్రశ్న వచ్చింది. పిట్ట వాళ్ల పెద్దమ్మను ఎంచుకుంది. ఆ పేరెత్తగానే గొంతులో వేగం పెరిగింది.

"మై ఆంట్, బ్రాకెట్ ఓపెన్, మై మదర్స్ సిస్టర్ ఫ్రమ్ ద నెక్స్ట్ టౌన్ టాట్ మీ టు వాక్ అలోన్, ఫుల్‌స్టాప్."

ఆ వెంటనే రెండో వాక్యంలోకి వెళ్లిపోయింది. పిన్ని రాస్తూనే ఉంది గానీ కళ్లు పై లైను దగ్గరే ఆగిపోయాయి. బ్రాకెట్టు వాకిలి బార్లా తెరిచినట్టే ఉండిపోయింది. తనే మూసేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఎక్కడ మూయాలి? 'సిస్టర్' తర్వాతా, 'టౌన్' తర్వాతా? చెబితే నిబంధనకు కోపం, చెప్పకపోతే పిల్ల మార్కులకు చేటు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పేరా అయిపోయింది. పిట్ట తర్వాతి ప్రశ్న చదవమంది. పిన్ని నోరు తెరిచింది గానీ వచ్చింది ప్రశ్న కాదు.

"మేడమ్, రాసింది ఒకసారి చదివి వినిపించొచ్చా?"

లెక్చరరమ్మ తలెత్తింది. పిట్ట ముఖం పాలిపోయింది. "చదువు పిన్నీ, నేనే అడుగుతున్నా" అంది గబగబా. పిన్ని గుర్తులతో సహా చదివింది. "అయ్యో, సిస్టర్ తర్వాత మూయి" అంది పిట్ట.

"అంటే మీరు అందించినట్టే కదా?" అంది లెక్చరరమ్మ. కసురుకోలేదు. "ఇది పైకి రాసి పంపాల్సిందే. ఏమీ అనుకోకండి."

మిగతా పేపరు పిట్ట చెబుతుంటే గొంతు పిట్ట గొంతులా లేదు.

ఫలితాలొచ్చాయి. పిట్టది ఆపేశారు. పిన్నికి అన్నం సయించలేదు. మగవాళ్ల చొక్కాకు ఎడమవైపు తీయాల్సిన కాజాలు కుడివైపు తీసి యజమాని చేత చీవాట్లు తింది. రోడ్డు మీద హాస్టలు పిల్లలు ఎదురైతే, వాళ్లకు కనబడనని తెలిసి కూడా తల దించుకునేది.

చివరికి పరీక్షల ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. "ప్రతిసారీ అలాగే చదివి వినిపిస్తానని చెప్పు, గొడవ వదిలిపోతుంది" అని భర్త నూరిపోసి పంపాడు. తీరా ఆఫీసరు ఎదుట నిలబడేసరికి ఆ మాట గొంతు దాటలేదు.

"బ్రాకెట్టు మూయలేదని తెలిసే అడిగానండీ. నేనే మూసేద్దామని కూడా అనుకున్నాను. ఎక్కడ మూయాలో తెలియలేదు."

ఆఫీసరు పెన్ను మూత తీసి ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. "ఆ ఒక్క ప్రశ్న తీసేసి మిగతా పేపరు దిద్దిస్తాం. మీరు మాత్రం ఇకమీదట మా పరీక్షలు రాయడానికి లేదు" అన్నాడు.

పిట్ట అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. కబురు చెప్పడానికి తనే కర్ర తాటించుకుంటూ దుకాణానికి వచ్చింది.

"మూసేసి ఊరుకుంటే నీ పని నీకు మిగిలేది కదా పిన్నీ."

"నేనైతే టౌన్ తర్వాత మూసేదాన్నే."

పిట్ట నవ్వబోయి నవ్వలేక, తడుముకుంటూ ఆమె చెయ్యి దొరకబుచ్చుకుంది.

మరుసటి పరీక్షలకు హాస్టలు వాళ్లు కొత్తమ్మాయిని కుదిర్చారు. ఆ ఉదయం కూడా పిన్ని అలవాటు తప్పక సెలవు పెట్టి వెళ్లింది. గదిలోకి రానివ్వరు కాబట్టి మెట్ల కింద నిలబడింది. పై నుంచి మాటలు వినబడతాయేమోనని చెవులు రిక్కించింది. ఏమీ వినబడలేదు. రాయడానికి ఏమీ లేకపోయినా, గంట కొట్టేదాకా కుడిచేతి వేళ్లు చల్లగానే ఉన్నాయి.