గాజుగొట్టంలో సగం నీళ్లు

నలభై ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. అందులో నా పరువు నిలువునా తీసిన పుట ఒకటుంది. శత్రువు రాసింది కాదు, నా ముత్యాల చేతిరాతే. మీరు నవ్వుకోండి, నాకింకా తలెత్తబుద్ధి కాదు.

బంగారుపాళ్యం దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బాయిలరు చూసే పనికి అప్పుడే కొత్తగా చేరాను. బాయిలరంటే చక్రాల్లేని రైలింజనే: కింద మంట, లోపల నీళ్లు, పైన ఆవిరి. నీళ్లెంతున్నాయో ముందున్న గాజుగొట్టం చెబుతుంది. దానికి పైనా కిందా కుళాయిలు. గొట్టంలో నీళ్లు దిగితే పంపు వేయాలి. వేయడం మరిస్తే పొయ్యి కప్పులోని సీసపు బిరడా కరిగి, ఆవిరి దూకి మంటనార్పేస్తుంది. పేలిపోకుండా అదొక జాగ్రత్త.

ఆ ఉదయం కుళాయిలు రెండూ కట్టేసి, గొట్టాన్ని పెళ్లికొడుకులా తుడిచాను. మళ్లీ తిప్పానా? లేదు, డైరీ తెరిచాను. ఏడు గంటలకు సగం. ఎనిమిదికి సగం. తొమ్మిదికీ సగమే.

కట్టెలేస్తున్న మునస్వామన్న అడిగాడు. "నీళ్లెంతుండాయప్పా?"

"సగమన్నా. గీసినట్టుండాది."

"నాకెప్పుడూ ఇట్ల నిలబడలేదే."

పొగడ్త అనుకున్నాను. నిండుకుండ తొణకదంటారు, మూతి బిగించిన గొట్టమూ తొణకదని పదకొండింటికి తెలిసింది. పొయ్యిలో వెయ్యి పాములు బుసకొట్టాయి. మంట ఆరిపోయింది.

గేటు బయట తోతాపురి మామిడికాయల ట్రాక్టర్ల వరస. మొదటిది మా నాయనది, ఏడాది పంటంతా అందులోనే. ఈ పనికి నన్ను పెట్టుకోమని మేనేజరును బతిమాలిందీ ఆయనే. చప్పుడుకు ఇద్దరూ పరుగున వచ్చారు.

నేను బెదరలేదు. సాక్ష్యముందిగా! ఏడు నుంచి పదకొండు దాకా సగాలన్నీ గొంతెత్తి చదివాను. మునస్వామన్న నేను కట్టేసిన కుళాయిలు రెండూ తిప్పాడు. నా అందమైన సగం గుటుక్కున దిగిపోయింది.

మేనేజరు కంటే ముందు నాయనే అందుకున్నాడు. "నాలుగు గంటలు ఆవిరి పోతాంటే నీళ్లు తగ్గలేదని రాస్తివే. మన బర్రెకు పాలు పిండినాక గూడా పొదుగు నిండుగానే ఉంటాదా?"

కొత్త బిరడా రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాయన ఎండలో కాయల పక్కనే కూర్చున్నాడు. మూడోనాడు కుళ్లినవి ఏరి పారేసి, నన్ను పిలిచాడు.

"డైరీ తీయరా. సగం పోయినాయి. ఇది నిజం సగం, రాసుకో."

రాశాను. ఆ పుట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కుళాయి తిప్పి చూడనిదే ఈ జన్మలో ఏ సగమూ రాయను. ఇంట్లో నీళ్లడబ్బా మూత కూడా తెరిచి చూశాకే ఈ వాక్యం ముగిస్తున్నాను.