అంటుకోని పొర

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. మధ్యలో "అది వద్దులేమ్మా" అంటుంది. నువ్వు రాయవే అంటున్నాను.

మా ఆయన పోయింది ఒడ్డు కనబడుతుండగానే. కెరటాలు విరిగే చోటు దాటుతుంటే ఫైబర్ తెప్ప అడుగు విప్పుకుపోయింది. తోడు వెళ్లినవాళ్లు ఖాళీ డబ్బాలు పట్టుకుని ఈదుకొచ్చారు. ఈయన కాళ్లకి వల చుట్టుకుంది. శవం దొరికాక ముఖం చూడొద్దన్నారు. చూశాను. చూడకుండా ఉండాల్సింది.

తర్వాత తెప్ప అడుగు ముక్క ఒకటి ఇసుకలోకి కొట్టుకొచ్చింది. దాని మీద నా చెయ్యి ఉంది. మా దగ్గర కొత్త తెప్ప దింపే రోజు ఇంటి ముత్తైదువ అరచేతికి పసుపు పూసుకుని లోపలి అడుగు మీద గట్టిగా అద్దుతుంది. అది చెరగకుండా మగవాళ్లు దాని మీద రెసిన్ జిగురు పోస్తారు. అద్దంలా గట్టిపడుతుంది. ఇసుక మీద లాగి లాగి అడుగు అరిగినప్పుడు లోపలివైపు గ్రైండర్‌తో గరుకు చేసి, కొత్త ఫైబర్ మేట్, అదే గాజుపోగుల గుడ్డ, పరిచి రెసిన్ పూస్తారు. ఆ చెయ్యి మీద మాత్రం గ్రైండర్ పెట్టరు. పెడితే తాళి తెంపినట్టే అంటారు. చుట్టూ గీకి, చేతిని అలాగే వదిలి, పైనుంచి మేట్ కప్పేస్తారు.

అంత తెప్పా ముక్కలైంది, నా చెయ్యి మాత్రం నిన్న అద్దినట్టుంది. ఊరు ఊరంతా వచ్చి దండం పెట్టింది. గంగమ్మ మొగుణ్ణి తీసుకుని చెయ్యి వదిలిందన్నారు. నేనూ గోడకి ఆనించి దీపం పెట్టాను. ఇంకేం ఉంది నాకు పెట్టుకోవడానికి.

మా మరిది తెప్ప కూడా అదే అచ్చులో పోసినది. అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే కొన్నారు, అడుగు మరమ్మతూ ఒక్కసారే చేసుకున్నారు. వాడికి పెళ్లి కాలేదు కాబట్టి అందులో మా అత్త చెయ్యి అద్దింది. ఆ మరుసటేడే ఆవిడ పోయింది. వేట ఆపే కాలం అయిపోవస్తోంది, వాడు మళ్లీ ఆ తెప్పలోనే వెళతాడు. ఆవిడ కడుపున పుట్టినవాళ్లలో మిగిలింది వాడొక్కడే. నాకు నిద్ర పట్టేది కాదు.

నా కూతురు డిప్లొమా చదివి బరంపురంలో లంజిపల్లి దగ్గర ఒక ఆఫీసులో పనిచేస్తోంది. ఇనుప రేకుల నీళ్ల ట్యాంకులు నిలుస్తాయో లేదో కంప్యూటర్‌లో చూసే పని. చిన్నాన్న తెప్పని కూడా చూడవే అని అడిగాను. ఒక ఆదివారం రమ్మంది. బస్సెక్కి వెళ్లాను.

తెర మీద తెప్ప ఉంది, కానీ కాగితంతో చేసినట్టుంది.

"ఏటే ఇది? అడుక్కి మందమే నేదు."

"దీన్ని షెల్ అంటారమ్మా. గుల్ల అనుకో. పొడుగూ ఎడల్పూ ఎక్కువ, మందం తక్కువ గదా. అలాటి వాటికి మందం గీయక్కర్నేదు. ఉట్టి తలం గీసి, మందం ఎంతో సెప్తే సాలు."

"సెప్తే నమ్మేత్తాదా?"

"మనం ఏటి సెప్తే అదే దానికి నిజం."

అడుగంతా చిన్న చిన్న గళ్లు చేసింది, వల కన్నుల్లా. ఒక్కో గడికీ చెప్పాలట: ఏ సరుకుతో చేశారు, మందం ఎంత, ఏ ముఖం సముద్రం వైపు, ఏ ముఖం మనుషుల వైపు. సముద్రం వైపుకి ఒక రంగు, లోపలికి ఒక రంగు. ముఖం తిరగబడితే పొరల వరస కూడా తిరగబడుతుందంది. తర్వాత సముద్రం వైపునుంచి మొదలుపెట్టి పొర మీద పొర చెప్పింది. పాత మేట్, దాని మీద మరమ్మతు మేట్. ఆపైన కెరటం బరువు పెట్టింది. కాసేపటికి తెప్పంతా నీలం అయింది.

"సూడు. నీలం అంటే బరువు బాగానే మోత్తంది. సిన్నాన్నకి ఏటీ అవదు."

నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే నోట్లోంచి మాట వచ్చేసింది. "మరి మీ నాన్న తెప్పా ఇదే గదే?"

అది ఆ నీలం బొమ్మ మూసేసింది. బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించింది.

తర్వాతి ఆదివారం ఇంటికి వచ్చింది. వస్తూనే గోడ దగ్గర ముక్క ముందు కూర్చుని, దీపం పక్కకి జరిపి, నా చేతి ముద్ర మీద గోరు పెట్టి గీసింది.

"అమ్మా, దీని మీద మేట్ ఏసినారు గదా. అదేది?"

"అదే గదే అమ్మోరి మాయ. దాన్ని లేపేసి నా సెయ్యి ఉంచింది."

"మాయ కాదమ్మా. ఒక్క పోగు కూడా అంటుకోనేదు. సుట్టూ గీకినారు, అక్కడ అంటుకుంది. ఇక్కడ నున్నగా వదిలేసినారు. నీరు దూరింది. ఇక్కడి నుంచే ఊడింది."

నేను ఆ పసుపు వైపే చూస్తున్నాను. ఇన్నాళ్లూ దండం పెట్టింది దీనికా అనిపించింది. దీపం ఆర్పేశాను.

అది ఆఫీసుకి వెళ్లి మళ్లీ చేసింది. ముందు అన్ని పొరలూ ఒకదానికొకటి అంటుకున్నాయని చెప్పిందట, కంప్యూటర్ నమ్మింది. ఈసారి పాత అడుగు ఒక షెల్, మరమ్మతు మేట్ వేరే షెల్. చుట్టూ కలిపి, చెయ్యి ఉన్నచోట కలపకుండా వదిలేసింది. కెరటం పెట్టగానే ఆ చోటి చుట్టూ ఎర్రగా వచ్చింది, ఎరుపంటే అక్కడ విడిపోతుందనట. ఆ బొమ్మ ఫోన్‌లో పట్టుకుని ఇద్దరం మరిది దగ్గరికి వెళ్లాం. వాడు వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏటే ఈ ఎరుపు? కుంకం బొట్టా?" అని నవ్వాడు.

"సిన్నాన్నా, ఆ మేట్ పీకేసి, నానమ్మ సెయ్యి మీద గ్రైండర్ పెట్టి, మళ్లీ ఏసుకో. నీ కాళ్లు పట్టుకుంటాను."

వాడి నవ్వు ఆగిపోయింది. "అమ్మ సెయ్యి మీద గ్రైండరా? పోయి నీ ట్యాంకులు గీసుకో." తర్వాత నా వైపు తిరిగాడు. "వొదినా, నీ సెయ్యి నీ గోడకుంది. మా అమ్మది పీకేత్తావేటి? అన్నయ్య పోనాడు, అమ్మ పోనాది, నాకున్నదేటి? నా తెప్ప దగ్గరకి రాకు. రాకూడదని నీకు తెల్దా?"

విధవరాలు తెప్ప దగ్గరికి వెళ్లకూడదు. తెలుసు. ఇంటికి వెళ్లి గోడ దగ్గరి ముక్క మోసుకొచ్చి వాడి ఒళ్లో పడేశాను.

"గీకు. దీని మీద మీ అన్న పరిసిన మేట్‌ది ఒక్క పోగు సూపించు. సూపించితే నీ జోలికి రాను."

వాడు గీకాడు. గోటితో గీకాడు, వల కోసే కత్తితో గీకాడు. అక్కడంతా నున్నగానే ఉంది. ముక్క కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం గ్రైండర్ చప్పుడు వినబడింది. నేను దూరంగానే నిలబడ్డాను, కూతురు దగ్గరికి వెళ్లింది. మరమ్మతు మేట్ అంచు కోసి లాగితే చేప తోలు ఒలిచినట్టు లేచివచ్చిందట. కింద నల్లటి నీరు, కుళ్లు వాసన. ఆ నీళ్లలో మా అత్త అయిదు వేళ్లూ పచ్చగా ఉన్నాయట. వాడు గ్రైండర్ ఆపి ఆ వేళ్ల మీది నీళ్లు గుడ్డతో తుడిచాడట. మళ్లీ చప్పుడు మొదలైంది. వాడు తెప్ప దిగివచ్చేసరికి ముఖం నిండా పసుపు దుమ్ము. తుడుచుకోలేదు.

గరుకు చేసిన చోట కొత్త మేట్ పరిచాడు. వేట మొదలైన రోజు అందరితో పాటే వెళ్లాడు, తిరిగి వచ్చాడు. రోజూ వస్తున్నాడు. మా గడప మాత్రం తొక్కడం లేదు. మా వొదిన మా అమ్మని గీకించేసిందని ఊళ్లో చెప్పుకుంటున్నాడట. చెప్పుకోనీ. చెప్పుకోవడానికి ఉన్నాడు కదా.

మిగతా తెప్పల దగ్గరికి మమ్మల్ని రానివ్వడం లేదు. నా కూతురు ఇంటింటికీ తిరిగి ఫోన్‌లో బొమ్మ చూపించింది. ఒకావిడ దాని ముఖం మీదే తలుపు వేసింది. ప్రతి తెప్పలోనూ ఎవరిదో ఒకరి చెయ్యి ఉంది, దాని మీద అంటుకోని మేట్ ఉంది. పొద్దున్నే అవన్నీ కెరటాల మీదికి తోసుకుని వెళుతుంటే వాకిట్లోంచి చూస్తుంటాను. ఆడవాళ్లు నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోతారు.