మిషన్‌కు పెట్టిన కుంకుమ

పుట్టమ్మకు కోపం వస్తే అరవదు. ఆమెతో చిక్కంతా అదే. హిందూపురం పక్కనున్న బట్టల ఫ్యాక్టరీలో ఆరో లైనుకు సూపర్‌వైజరు అయినప్పటి నుంచీ ఆమె గొంతు మిషన్ల చప్పుడును దాటి వినబడింది లేదు. ఒళ్ళు మండితే కొంగు నడుముకు దోపి, ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ నిలబడుతుంది, అంతే. దానికే మగవాళ్ళు కూడా పక్కకు తప్పుకుంటారు.

పెనుకొండ వైపు పల్లె ఆమెది. బోర్లు ఎండిపోయి, శనక్కాయ పంట మీద ఆశ చచ్చాక, భూమి ఉన్న ఇంటి కోడలు కుట్టుపనికి వచ్చి చేరింది. పొలంలో కూలీలతో పని చేయించిన మనిషి కాబట్టి, లోపల బాధ పెట్టుకున్నవాళ్ళకు చేతులు ఆడవని ఎరుగును. ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరికి నెల నొప్పో పొద్దున్నే కనుక్కునేది. నొప్పిగా ఉన్నవాళ్ళను ఆ పూటకు దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టేది. మందలించాలంటే నీళ్ళ డ్రమ్ము పక్కకు పిలిచి చెప్పేది గానీ నలుగురిలో ఒక్క మాట అనేది కాదు. పైగా తాను తిట్టిన మనిషి పక్కనే కూర్చుని మధ్యాహ్నం సద్ది విప్పేది. పక్క లైన్లలో నెలనెలా ఎవరో ఒకరు మానుకుని పోతుంటే, ఆరో లైను ఆడవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి అట్లాగే ఉన్నారు.

విజయ్ కుమార్ అని కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు గానీ, ఉత్సాహం అంటే పైనుంచి బిందెతో పోసేదనుకున్నాడు. వచ్చిన వారానికే గోడల నిండా నవ్వు మొహాల పోస్టర్లు వెలిశాయి. పొద్దున్నే అందరూ నిలబడి చప్పట్లు కొట్టాలట. ‘ఈ నెల మేటి టైలర్’ అని గేటు దగ్గర ఒకామె ఫొటో పెట్టించాడు. ఆ ఫొటో ఎక్కిన పాపానికి ఆమెతో తోటివాళ్ళు మాటలే మానేశారు. సలహాల పెట్టె కూడా పెట్టాడు మహానుభావుడు. మరుగుదొడ్డికి పోవాలంటే టోకెను అడగడం ఎత్తేయండి సార్ అని అందరూ రాసి వేస్తే, ఆ పెట్టెనే ఎత్తేశాడు. పుట్టమ్మ పళ్ళు బిగబట్టి అన్నీ ఓర్చుకుంది.

ఆయుధ పూజ వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో పండగ ముందురోజు సాయంత్రం ఎవరి మిషన్‌కు వాళ్ళే పూజ చేసుకుంటారు. గుడ్డలన్నీ లోపల పెట్టేసి, మిషన్ శుభ్రం చేసి, వెనక వైపు పసుపు రాసి కుంకుమ పెట్టి, బొరుగులూ పండ్లూ పంచుకుంటారు. లైనులో లక్ష్మీదేవమ్మ అని ఉంది. మొగుడు పోయాక ఇద్దరు ఆడబిడ్డల్ని ఆ మిషన్ మీదే సాకుతోంది. మొదటి ఏడు కుంకుమ ముట్టడానికి జంకి ఆమె గోడ పక్కన నిలబడితే, కూడు పెట్టేది నీ మిషన్ కదా, పూజ చేయాల్సింది నువ్వేనని పుట్టమ్మే పొట్లం చేతిలో పెట్టింది. నోరెత్తబోయినవాళ్ళను ఒక్క చూపు చూసింది. ఆనాటి నుంచి లక్ష్మీదేవమ్మ ఒళ్ళు కాలిపోతున్నా నాగా పెట్టి ఎరగదు.

ఈ ఏడు పూజలు అయ్యీ కాకముందే విజయ్ కుమార్ ఊడిపడ్డాడు. తెల్ల చొక్కాల ఆర్డరు, శుక్రవారం లారీ ఎక్కాలి, ఒక్క మరక పడినా సరుకంతా వెనక్కి వస్తుందన్నాడు. అందరి తరఫునా ఆఫీసులో ఒక పూజ చేయించాను, అది చాలు, ఇవన్నీ తుడిచేయండన్నాడు. పసుపు రాసినచోట గుడ్డ తగలనే తగలదని పుట్టమ్మ చూపించబోతే చేయి అడ్డం పెట్టాడు. దగ్గరలో ఉన్నది లక్ష్మీదేవమ్మ. ఆమె చేతిలో పేలిక పెట్టి, నువ్వు మొదలుపెట్టమ్మా, నిన్ను చూసి అందరూ చేస్తారన్నాడు. ముందు ఒకరిని నడిపిస్తే మందంతా నడుస్తుందని ఎక్కడ నేర్చుకున్నాడో!

లక్ష్మీదేవమ్మ తన మిషన్‌కు పెట్టిన బొట్టు తుడిచింది. పేలికను మడిచి మిషన్ మీద పెట్టి, చెప్పులు వేసుకుని బస్సెక్కింది.

పండగ సెలవు అయ్యాక ఆరో లైనుకు ఒక్కరూ రాలేదు. విజయ్ కుమార్ పుట్టమ్మను పిలిపించి, వీళ్ళకేం కావాలట అని అడిగాడు. జీతం పెంచమంటారా, పోనీ తలా ఒక కుక్కరు ఇచ్చేద్దామా అన్నాడు. కుక్కరట! పుట్టమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ శుక్రవారం సరుకు పోకపోతే లైను మూసేస్తారు, ఇంతమంది ఇళ్ళలో పొయ్యి వెలగదు. ఆ మాట ఆమెకు తెలుసు. ఫ్యాక్టరీ వ్యాను ఎక్కి లక్ష్మీదేవమ్మ ఊరికి పోయింది.

లక్ష్మీదేవమ్మ గడప మీద కూర్చుని ఉంది.

“నా మొగుడు పోయిన దినం నా కుంకుమ వాళ్ళు తుడిసినారక్కా. మొన్న ఆయప్ప నా చేత్తోనే తుడిపిచ్చినాడు. ఇంగ నేను ఏం మొగం పెట్టుకోని ఆ మిషన్ ముందర కూసోవల్ల?”

పుట్టమ్మకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. రేపు వచ్చి మీ మీ చోట్లలో కూర్చోండి, నేను చెప్పేదాకా పెడల్ మీద కాలు పెట్టొద్దని ఆమెకూ, ఇల్లిల్లూ తిరిగి మిగతా అందరికీ చెప్పి వచ్చింది.

మరునాడు లైను నిండింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అందరూ కూర్చున్నారు. విజయ్ కుమార్ మైకు పట్టుకుని, ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నానని చదివినట్టుగా చెప్పాడు. ఒక్క మిషనూ కదలలేదు. పుట్టమ్మ నేరుగా పోయి మైకు ఆపేసింది.

“మైకులో వద్దు సార్. ఆయమ్మ ముందర నిలబడి తుడిపిచ్చినారు. ఆయమ్మ ముందర నిలబడే చెప్పండి.”

“నేను మేనేజర్ని పుట్టమ్మా. అలా చేస్తే రేపు నా మాట ఎవరు వింటారు?”

“ఈ పొద్దు ఎవరు వింటాండారు సార్?”

ఆయన ఆగి ఉన్న లైను వైపు చూశాడు. లక్ష్మీదేవమ్మ దగ్గరికి నడిచి, తప్పయిందన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

“నాకొద్దు సార్. మిషన్‌కు పెట్టండి” అని పూజనాటి కుంకుమ పొట్లం ఆయన ముందుకు జరిపింది.

అందరూ చూస్తుండగా విజయ్ కుమార్ వంగి, తాను తుడిపించిన చోటే వేలితో బొట్టు పెట్టాడు. లక్ష్మీదేవమ్మ పెడల్ మీద కాలు వేసింది. ఆ వెంటనే లైను లైనంతా కదిలింది. ఎర్రబడిన వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక ఆయన అటూ ఇటూ చూశాడు. చుట్టూ గుట్టలు గుట్టలుగా తెల్ల గుడ్డ ఉంది. పుట్టమ్మతో సహా, ఒక్కరూ ఆయనకు చిన్న పేలిక కూడా అందించలేదు.