అంజూరపు చెట్టు దాహం

ఇదివరకు సాయంత్రం గిన్నెలు కడగడం కాగానే నీళ్ల బేసిన్ ఆయనే అందుకునేవాడు. "నడుంనొప్పి మనిషివి, నీకెందుకే" అంటూ పెరట్లోకి పట్టుకెళ్లి అంజూరపు చెట్టు మొదట్లో పోసేవాడు. ఆయన పోయాక ఆ బేసిన్ ఆవిడే మోస్తోంది. అదీ పక్కింటి కిటికీ వైపు ఓసారి చూసి, దొంగలా.

దొంగతనమే మరి. ఆయన వాగు మీద పరిశోధన చేసేవాళ్ల జీపు నడిపేవాడు. ఆయన పోయిన కొన్నాళ్లకి ఆ బృందమే వచ్చి, కొండవాలు చెట్లు ఎంత నీరు తాగుతాయో కొలుస్తున్నాం, మీ చెట్టూ కావాలని అడిగింది. కాండానికి సూదులు గుచ్చారు. నేల తడి తెలియడానికి మొదట్లో తీగలు పాతారు.

"ఒక్కటే షరతు పిన్నీ, వాన తప్ప దీనికి చుక్క నీరు పడకూడదు" అంది వాగమ్మాయి. ఎప్పుడు చూసినా మోకాళ్ల దాకా బురదతో వాగులోంచి వస్తుందని ఆ పరిశోధన పిల్లకి వీధి పెట్టిన పేరది. ఆవిడ సరేనని మాటిచ్చింది.

"ఆస్పత్రిలో మా అన్నయ్యకి కూడా ఇన్ని తీగలు తగిలించలేదు వదినా" అని పక్కింటి ఆడపడుచు నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

ఎండలు ముదిరి ఆకులు వాలిపోయాయి. ఆఖరి రోజుల్లో ఆయనకి నీళ్లివ్వొద్దన్నారు డాక్టర్లు. "ఒక్క గుక్కే" అని ఆయన అడుగుతుంటే ఆవిడ తడిగుడ్డతో పెదాలు అద్దింది, అంతే. చెట్టునీ అలా చూస్తూ ఊరుకోవడం తన వల్ల కాలేదు, బేసిన్ ఎత్తింది.

ఇవాళ మధ్యాహ్నం వాగమ్మాయి బురద కాళ్లతోనే వంటింట్లోకి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. మొహం వెలిగిపోతోంది.

"చూడండి పిన్నీ! లేత చెట్లన్నీ ఎండకి సొమ్మసిల్లిపోతుంటే మీ ముదురు చెట్టొక్కటే హాయిగా తాగుతోంది. దీని వేళ్లు అడుగున వాగు నీటిని పట్టేశాయి. పొద్దు వాలగానే పైకి లాగి నేలని కూడా తడుపుతున్నాయి!"

"మా అన్నయ్య పెంచిన చెట్టా, మజాకానా!" అంది ఆడపడుచు, టీ గ్లాసు అందుకుంటూ.

"అయితే ఏమవుతుందమ్మా?" అంది ఆవిడ.

"మా కంప్యూటర్ లెక్క మొత్తం మారుతుంది. వాగు ఎండడానికి ఇలాంటి చెట్లే కారణమని తేలుతుంది. కొండవాలు మీద ముదురు చెట్లు కొట్టేయమని రాస్తాం. రేపే సారుకి ఇస్తున్నా."

తెర మీద గీత రోజూ ఒకే వేళకి లేస్తోంది. గిన్నెలు కడిగే వేళకి. ఆవిడ చెవులు వేడెక్కాయి. స్టవ్ పక్కన తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"అది చెట్టు పని కాదు తల్లీ, నాది."

"అంటే?"

"రోజూ నేనే పోస్తున్నా. బేసిన్‌తో."

వాగమ్మాయి నవ్వింది. ఆవిడ నవ్వకపోయేసరికి ఆపేసింది.

"మాటిచ్చారు కదా పిన్నీ. నీళ్లు పోశారా అని మొన్న అడిగితే కూడా లేదన్నారు."

నిజమే. ఆ పిల్ల మొహం చూడకుండానే "అబ్బే" అనేసింది. మాట తప్పడం కంటే ఆ "అబ్బే" ఇప్పుడు ఎక్కువ గుచ్చుకుంది. ఆయన సంగతి, తడిగుడ్డ సంగతి చెప్పొచ్చు. చెబితే జాలిపడి వదిలేస్తుంది. తన తప్పుకి పోయిన మనిషిని అడ్డం పెట్టుకోవడమా? ఆవిడ చేతిలోని గుడ్డ పిండి ఆరేసింది.

ఆడపడుచు గ్లాసు కింద పెట్టింది. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నా వదినా. అన్నయ్య చెట్టు కదా అని నేనూ నోరెత్తలేదు."

వాగమ్మాయి తన టీ ముట్టుకోలేదు. "ఈ వేసవి కొలతలన్నీ తీసేయాలి. సారుకి నేనే చెప్పుకుంటాలెండి" అంది. గుమ్మం దగ్గర ఆగింది. "చెట్టు చావదు పిన్నీ. ఆకులు రాల్చుకునైనా బతుకుతుంది. మళ్లీ మొదలుపెడతాం, మీరు సరేనంటేనే."

"ఇక పొయ్యనమ్మా" అంది ఆవిడ, తలెత్తకుండా.

సాయంత్రం బేసిన్ నిండింది. వెనక తలుపు తీస్తే ఆకులు వేలాడుతున్నాయి. ఇవాళ ఆవిడ పక్కింటి కిటికీ వైపు చూడలేదు. బేసిన్ గుమ్మం ఇవతలే దించి మెట్టు మీద కూర్చుంది. నీళ్లు చెట్టుకి పోయలేదు. పారబోయడానికీ చేతులు రాలేదు.